అమ్మకానికి పెట్టే ఇంటికి లోపలి రంగులు: ఏవి ఎంచుకోవాలి, ఏ వరసలో వేయించాలి

"ఫ్లాట్ అమ్ముదామనుకుంటున్నాం, లోపల ఏ రంగు వేయిస్తే బాగుంటుంది?" అనే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే షేడ్ కార్డు ముందేసుకుని కూర్చుంటున్నారు. పని తలకిందులయ్యేది అక్కడే. కొనడానికి వచ్చినవాళ్లు గోడను విడిగా చూడరు. నేల, తలుపులు, వంటగట్టు, కిటికీలోంచి వచ్చే వెలుగు అన్నీ కలిపి ఒక్క చూపులో చూస్తారు. వాటిలో చాలావరకు మనం మార్చలేం. మార్చగలిగింది గోడ రంగు. అందుకే మారనివి ఏమిటో ముందు చూసుకుని, రంగు సంగతి తర్వాత ఆలోచించాలి.

పదేళ్లో పదిహేనేళ్లో వాడిన రెండు, మూడు పడగ్గదుల ఫ్లాట్‌ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇండిపెండెంట్ ఇంటికీ చాలావరకు వర్తిస్తుంది.

1. అసలు రంగు వేయించాలా?

అన్ని ఇళ్లకూ అక్కర్లేదు. పాత ఇల్లు, కొనేవాళ్లు స్థలం కోసమే కొంటారు, పడగొట్టి కట్టుకుంటారు అనుకుంటే పెయింటు మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. ఊడ్చి, కడిగి చూపిస్తే చాలు.

అద్దెకున్నవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉంటే ఆగండి. సామాను జరిపి జరిపి వేసిన రంగు మూలల్లో అతుకులుగా కనిపిస్తుంది. వాళ్లు ఖాళీ చేశాక ఒకేసారి వేయించండి.

రెండుమూడేళ్ల కిందటే వేయించిన లేత రంగు అయితే తడిగుడ్డతో తుడిచి, మరకలున్న గోడల వరకే కొత్త కోటు వేయించండి. అదే షేడ్ కోడ్ తెచ్చినా పాత రంగు ఈపాటికి కాస్త వెలిసి ఉంటుంది. కాబట్టి మరక ఉన్న చోటే అద్దకుండా ఆ మూల నుంచి ఈ మూల దాకా గోడంతా వేయాలి.

ముదురు రంగులు, పిల్లల గీతలు, టీవీ తీసేసిన చోట మచ్చలు, మేకుల రంధ్రాలు ఉంటే మాత్రం వేయించడమే మంచిది. కొనేవాళ్లు అవన్నీ మనసులో లెక్కేసుకుని, అసలు ఖర్చు కంటే ఎక్కువే ధరలో తగ్గించి అడుగుతారు.

2. చెమ్మ సంగతి తేల్చాకే మిగతావి

ఏ రంగైనా చెమ్మ గోడ మీద నిలవదు. ముందు ఈ చోట్లు చూడండి:

- బాత్రూమ్ గోడకు అవతలి వైపు, ముఖ్యంగా కింది రెండు మూడు అడుగులు
- పై ఫ్లాట్ బాత్రూమ్ కింద వచ్చే సీలింగ్
- కిటికీ కింది మూలలు, సజ్జ కలిసే చోటు
- ఆఖరి అంతస్తయితే సీలింగ్ అంచులు
- సింకు కింద, వాష్‌బేసిన్ వెనక

పెచ్చులు లేవడం, బొబ్బలు, తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే లోపల తడి ఉన్నట్టే. అనుమానంగా ఉంటే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గాలిలోని తేమ. మొదటిదైతే ప్లంబర్ పని, రెండోదైతే కిటికీలు తెరిచి ఉంచితే సర్దుకుంటుంది.

లీకు ఆపించిన మర్నాడే లప్పం పెట్టించకండి. తడిసిన ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. పై ఫ్లాట్ వాళ్లతో, అసోసియేషన్‌తో మాట్లాడాల్సి ఉంటే అది కూడా ముందే మొదలుపెట్టండి. ఎక్కువ రోజులు తినేది అదే.

చెమ్మను పెయింటుతో కప్పి అమ్మేద్దాం అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. చట్టం సంగతి అలా ఉంచినా, జీవితమంతా కూడబెట్టింది పెట్టి కొనుక్కునే కుటుంబానికి మొదటి వానలోనే గోడ ఉబ్బితే ఎలా ఉంటుందో ఆలోచించండి. బాగు చేయించి, ఎప్పుడు, ఏం చేయించారో బిల్లుతో సహా చూపిస్తే నమ్మకం పెరుగుతుంది.

3. మారని వాటి జాబితా రాసుకోండి

ఒక కాగితం మీద గదివారీగా రాయండి: నేల, తలుపులు, కిటికీ ఫ్రేములు, వంటగట్టు గ్రానైట్, వంటింటి టైల్స్, వార్డ్‌రోబ్ సన్‌మైకా, బాత్రూమ్ టైల్స్. ఒక్కోదాని పక్కన అది పసుపు వైపు మొగ్గిన రంగా, నీలం లేదా బూడిద వైపు మొగ్గినదా రాసుకోండి.

ఎలా తెలుస్తుంది? తెల్లటి ఏ4 కాగితం తీసుకెళ్లి నేల మీద పెట్టండి. కాగితం పక్కన నేల పచ్చగానో, గులాబీగానో, బూడిదగానో కనిపిస్తుంది. దాని అసలు ఛాయ అదే. గోడకు ఎంచుకునే లేత రంగుల్ని కూడా ఇదే కాగితం పక్కన పెట్టి చూడండి. "ఆఫ్ వైట్" అని పేరున్న పది షేడ్లలో ఒకటి పచ్చగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి ఊదాగా ఉన్నట్టు అప్పుడే తెలుస్తుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే జోడీలు ఇవి.

ఐవరీ వెట్రిఫైడ్ టైల్స్, టేకు తలుపులు: ఫ్లాట్లలో చాలా చోట్ల ఇదే. వీటికి మీగడ ఛాయ ఉన్న తెలుపు, లేత గంధం రంగు కుదురుతాయి. బూడిద రంగు వేస్తే టైల్స్ మాసిపోయినట్టు, తలుపులు మరీ ఎర్రగా కనిపిస్తాయి. విదేశీ ఇళ్ల ఫోటోల్లో గ్రే గోడలు చూసి ముచ్చటపడేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. అక్కడి నేలలు, అక్కడి ఎండ వేరు.

తెల్ల మార్బుల్, బూడిద చారలున్న టైల్స్: ఇక్కడ పచ్చటి క్రీమ్ వేస్తే గోడ పాతబడినట్టుంటుంది. చల్లని తెలుపు, చాలా లేత బూడిద బాగుంటాయి.

తాండూరు బండలు: నీలం బండలైతే తెలుపు, లేత బూడిద కలిసిన తెలుపు. పసుపు బండలైతే మీగడ రంగు. షాబాద్ బండల బూడిద రంగు గదిని కాస్త చీకటిగా చూపిస్తుంది కాబట్టి వాటికి వెచ్చని తెలుపు మేలు.

ఎర్ర గచ్చు: పాత ఇళ్లలో మిగిలిన ఈ గచ్చును చాలామంది లోపంగా అనుకుంటారు. నా ఉద్దేశంలో అది ఆస్తి. గోడలు మెత్తటి తెలుపులో ఉంచి, గచ్చును బాగా పాలిష్ పట్టిస్తే అదే ఇంటికి అందం. గులాబీ, పీచ్ రంగులు మాత్రం దాని దగ్గరికి రానీయొద్దు.

వార్డ్‌రోబ్‌లు ముదురు ఊదా, ఎరుపు, ఆకుపచ్చ సన్‌మైకాతో ఉంటే గోడను వాటికి జోడీ చేయాలని చూడకండి. గోడ ఎంత మామూలుగా ఉంటే అవి అంత తక్కువ కనిపిస్తాయి.

4. వెలుగును కొలవండి

ఉత్తరం కిటికీ ఉన్న గదిలో వెలుగు నిలకడగా, కాస్త నీలంగా ఉంటుంది. అక్కడ బూడిద తెలుపు మరింత చల్లబడి దిగులుగా కనిపిస్తుంది. వెచ్చని క్రీమ్ సరిపోతుంది. పడమటి గదిలో సాయంత్రం ఎండ పసుపు, నారింజ రంగుల్ని రెట్టింపు చేస్తుంది. అక్కడ కాస్త చల్లని తెలుపు కావాలి. పక్క అపార్ట్‌మెంట్ గోడ దగ్గరగా ఉంటే, దాని రంగు మన గదిలోకి వచ్చి పడుతుంది. అది కూడా చూసుకోండి.

షేడ్ల వివరాల్లో ఎల్ఆర్‌వి అనే అంకె ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుగును తిప్పికొడుతుందో అది చెబుతుంది. 0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. అమ్మే ఇంటికి హాలు, నడవాల్లో 70కి పైన, పడగ్గదుల్లో 60కి పైన ఉన్నవి తీసుకోమని నా సలహా. వెలుగు తక్కువ ఉన్న మధ్య గదిలో 80 అయినా ఫర్వాలేదు.

రంగు ఎంచుకోక ముందే బల్బులు సరిచేయండి. ఒకే హాల్లో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా వెలిగితే ఏ రంగూ నిజంగా కనిపించదు. వెలుగు ఎంత పసుపో, ఎంత నీలమో చెప్పే కొలత కెల్విన్. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 6500 కెల్విన్ లైట్లు నీలం వైపు మొగ్గి, క్రీమ్ గోడల్ని పాలిపోయినట్టు చూపిస్తాయి. హాలుకు, వంటింటికి 4000, పడగ్గదులకు 3000 కెల్విన్ పెట్టి చూడండి. ఆ అంకె బల్బు డబ్బా మీద ఉంటుంది.

5. గదుల వారీగా ఎంపిక

హాలు, డైనింగ్, నడవా మూడింటికీ ఒకే రంగు. గోడ గోడకూ రంగు మారితే చూపు ఆగి ఆగి వెళ్తుంది, ఇల్లు చిన్నదిగా అనిపిస్తుంది. టీవీ వెనక ముదురు రంగు గోడ, టెక్స్చర్, వాల్‌పేపర్ ఉంటే తీసేయించండి. మీకెంత ఇష్టమైనా అది మీ ఇష్టం. వచ్చినవాళ్లకు తమ సోఫా అక్కడ ఎలా ఉంటుందో ఊహించుకునే వీలుండాలి.

మాస్టర్ బెడ్‌రూమ్‌లో హాలు రంగే వేయొచ్చు. ఏదో ఒక చోట రంగు కనిపించాలనిపిస్తే మంచం తలవైపు గోడకు మట్టి ఛాయ ఉన్న లేత రంగు వేయండి: లేత ఇసుక రంగు, పాలిపోయిన పిస్తా ఆకుపచ్చ. ఒక్క గోడ, ఒక్క గది. అంతకు మించొద్దు.

పిల్లల గది విషయంలో కాస్త గట్టిగా చెప్పాలి. గులాబీ, నీలం గోడలు, కార్టూన్ స్టిక్కర్లు ఉన్న గదిని చూసి, పిల్లలు పెద్దవాళ్లైన కుటుంబమో, అమ్మానాన్నల కోసం కొనేవాళ్లో "ఇదంతా మార్పించాలి" అనుకుంటారు. అదే గది లేత రంగులో ఉంటే ఒకరు ఆఫీసు గది అనుకుంటారు, ఇంకొకరు అత్తగారికి అనుకుంటారు.

వంటిల్లు: గట్టు నల్ల గ్రానైట్ అయితే, పై గోడలు వీలైనంత లేతగా ఉండాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీద గోడ తెల్లగా ఉంటే ఆ మెరుపు బాగా తేలుతుంది. పొయ్యి దగ్గర నూనె జిడ్డును సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టాకే రంగు. జిడ్డు మీద పెయింటు అంటదు.

పూజ గది: తెలుపు, లేత పసుపు, గంధం. కుంకుమ, నూనె మరకలు, అగరుబత్తి మసి ఉన్న చోట ముందు మరకల్ని ఆపే ప్రైమర్ వేయించండి. లేకపోతే అవి రెండు కోట్లు దాటుకుని కూడా పైకొస్తాయి.

సీలింగ్ అంతటా ఒకే తెలుపు. ఫాల్స్ సీలింగ్‌లో రంగు పట్టీలు, రంగు రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు ఉంటే పట్టీల్ని తెల్లగా చేయించి, స్ట్రిప్పులు ఆపేయండి.

వాస్తు గురించి అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఈశాన్యం వైపు లేత రంగులు ఉండాలని చాలామంది కోరుకుంటారు. పూజ గదిలో, ప్రధాన ద్వారం దగ్గర నలుపు, ముదురు ఎరుపు చూస్తే వెనక్కి తగ్గుతారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, ఇల్లంతా లేత మీగడ రంగు ఉంటే ఆ చర్చే రాదు. ఆగ్నేయం వంటింటికి నారింజ వేయమని ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి. ఒకరిని మెప్పించే రంగు మిగతావాళ్లను దూరం చేస్తుంది.

6. షేడ్ కార్డు ఇప్పుడు తెరవండి

- మూడు షేడ్లు మాత్రమే ఎంచుకోండి. ఎక్కువైతే ఇంట్లో వాదనలే మిగులుతాయి.
- ఒక్కోదానికి చిన్న డబ్బా తెచ్చి, రెండడుగుల అట్టముక్క మీద రెండు కోట్లు వేయండి. గోడ మీద నేరుగా వేస్తే పక్కనున్న పాత రంగు కళ్లను మోసం చేస్తుంది.
- అట్టను నేలకు ఆనించి నిలబెట్టండి, తర్వాత తలుపు పక్కన, తర్వాత వార్డ్‌రోబ్ పక్కన.
- పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి.
- ప్రతిసారీ ఫోన్‌లో ఒక ఫోటో తీయండి.

చివరిది ఎందుకంటే, కొనేవాళ్లు మీ ఇంటిని ముందు ఫోన్‌లోనే చూస్తారు. తల్లిదండ్రులు ఇక్కడ ఇల్లు తిరుగుతుంటే, డల్లాస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్ వీడియోలో చూస్తుంటాడు. కంటికి బాగుండి ఫోటోలో ఆకుపచ్చగా కనిపించే క్రీములు ఉంటాయి. వాటిని పక్కన పెట్టండి.

చిన్న ముక్కలో చూసిన రంగు గది నిండా వేశాక ఎక్కువగా కనిపిస్తుంది. రెండింటి మధ్య సందేహం ఉంటే లేతదే తీసుకోండి.

7. ఏ పెయింటు, ఎంత

డిస్టెంపర్ చవకే కానీ తడిగుడ్డ తగిలితే మచ్చపడుతుంది, వారం వారం జనం వచ్చి చూసే ఇంటికి పనికిరాదు. ఖరీదైన లగ్జరీ రకమూ అక్కర్లేదు, ఆ మన్నికకు కొనేవాళ్లు అదనంగా ఏమీ ఇవ్వరు. కడగడానికి వీలయ్యే మధ్యరకం ఎమల్షన్ సరిపోతుంది.

గోడలకు మ్యాట్ ఫినిష్ తీసుకోండి. మెరుపు ఎక్కువ ఉన్నది గోడలోని ప్రతి వంకరనీ, లప్పం అతుకునీ చూపిస్తుంది. వంటిల్లు, నడవాలకు కొంచెం మెరుపున్నది తీసుకుంటే తుడవడం సులువు.

లెక్క ఇలా వేయండి: గోడలన్నీ కలిపి 2,400 చదరపు అడుగులు అనుకుందాం. డబ్బా మీద రెండు కోటింగులకు లీటరుకు 120 చదరపు అడుగులని రాసి ఉంటే 20 లీటర్లు కావాలి. ఒక లీటరు అదనంగా, అదే బ్యాచ్‌లో తెప్పించండి. తర్వాత మళ్లీ కలిపిస్తే ఛాయ తేడా రావచ్చు.

మేస్త్రితో ముందే తేల్చుకోవాల్సినవి:

- రేటు మెటీరియల్‌తోనా, కూలి మాత్రమేనా
- చదరపు అడుగుల లెక్కలో తలుపులు, కిటికీలు తీసేస్తారా, కలుపుతారా
- లప్పం ఎన్నిసార్లు, ప్రైమర్ ఎన్ని కోట్లు
- నీళ్లు డబ్బా మీద చెప్పినంతే కలుపుతారా
- టైల్స్ మీద పడ్డ చుక్కలు తుడిచే బాధ్యత ఎవరిది

8. పని వరస

1. మేకులు, స్టిక్కర్లు, కర్టెన్ రాడ్లు తీసేయండి. స్విచ్‌బోర్డులకు, స్కర్టింగ్‌కు టేపు, నేలకు ప్లాస్టిక్ షీటు.
2. వదులైన పెచ్చుల్ని గీకించండి. 2017 నవంబరు నుంచి ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ తలుపులు, గ్రిల్స్ మీద సీసం ఉండొచ్చు. వాటిని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దించండి. మాస్కు తప్పనిసరి. ఆ సమయంలో పిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉండొద్దు.
3. పగుళ్లకు, రంధ్రాలకు లప్పం. ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడవాలి.
4. ప్రైమర్. ముదురు రంగు మీద లేత రంగు వేస్తుంటే ఇది రెండు కోట్లు.
5. టార్చిలైటును గోడకు ఆనించి పక్కగా వేసి చూడండి. గుంటలు, గీతలు నీడలుగా కనిపిస్తాయి. దిద్దించడానికి ఇదే సమయం.
6. ముందు సీలింగ్, తర్వాత గోడలు, ఆఖరున తలుపులు, గ్రిల్స్.
7. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో అంతకంటే ఎక్కువే ఆగాలి.
8. రంగు పూర్తిగా ఆరకముందే టేపు మెల్లగా లాగండి. ఎండాక లాగితే అంచు లేస్తుంది.

సమయం గురించి ఒక మాట. ఆషాఢంలో కొత్త ఇళ్ల బేరాలు తగ్గి, శ్రావణంలో మళ్లీ కదులుతాయి. ఇల్లు శ్రావణానికి సిద్ధంగా ఉండాలంటే చెమ్మ పనులు ఎండాకాలంలోనే ముగించండి. వానలు పడుతుండగా తడి గోడ ఆరదు.

9. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

ఇల్లంతా నీలం కలిసిన కొట్టొచ్చే తెలుపు వేయడం: ఐవరీ నేల మీద ఇది ఆసుపత్రి గదిలా ఉంటుంది. మళ్లీ వేయించే ముందు బల్బుల్ని 4000 కెల్విన్‌కు మార్చి చూడండి. కొన్నిసార్లు అదే సరిపోతుంది. కాకపోతే హాలు వరకు ఒక కోటు వెచ్చని తెలుపు.

వేశాక రంగు ముదురుగా అనిపించడం: తడిగా ఉన్నప్పుడు నిర్ణయించకండి, ఆరాక మారుతుంది. ఆరాక కూడా ఎక్కువైతే అదే వరసలో లేత షేడ్ ఒక కోటు చాలు.

రోలర్ చారలు, మచ్చలు: నీళ్లు ఎక్కువ కలపడం వల్లో, సగం ఆరిన చోట మళ్లీ రోలర్ తిప్పడం వల్లో వస్తాయి. తేలిగ్గా రుద్ది, గోడంతా ఆపకుండా ఒకేసారి వేయించాలి.

కొత్త గోడల మధ్య పాత స్విచ్ ప్లేట్లు: పసుపెక్కిన ప్లేట్లు గోడ తెల్లబడ్డాక మరింత పాతగా కనిపిస్తాయి. ప్లేట్లు మార్చడం చిన్న ఖర్చు. తప్పకుండా చేయండి.

సింహద్వారాన్ని వదిలేయడం: లోపలంతా వేయించి, తలుపు పాలిష్ మర్చిపోతారు. తాళం తీసే ఆ కాసేపు కొనేవాళ్లు చూసేది తలుపునే.

10. ఫోటోలకు, చూపించే రోజుకు ముందు

- కనీసం నాలుగైదు రోజులు కిటికీలు తెరిచి, పెయింటు వాసన పోగొట్టండి. ఘాటు వాసన వస్తే ఏదో కప్పేశారన్న అనుమానం వస్తుంది.
- ఫోటోలు పగటి వెలుగులో, లైట్లు ఆపి తీయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఫోన్ కెమెరా గోడ రంగును తప్పుగా చూపిస్తుంది.
- ముదురు కర్టెన్లు తీసేసి, పల్చటి లేత రంగువి కట్టండి.
- ఫోటోల్లో రంగు పెంచే ఫిల్టర్లు వద్దు. ఇంటికి వచ్చి చూశాక తేడా కనిపిస్తే ధర మాట్లాడకుండానే వెళ్లిపోతారు.
- షేడ్ కోడ్లు, పెయింటు పేరు, ఫినిష్, వేయించిన తేదీ ఒక కాగితం మీద రాసి, మిగిలిన డబ్బాతో పాటు అటక మీద ఉంచండి. మీరు సామాను దించేటప్పుడు పడే గీతలకు అదే పనికొస్తుంది. మిగిలింది తాళాలతో పాటు కొన్నవాళ్లకు ఇచ్చేయండి.